నేను మూసిన నాలుగు కిటికీలు

మా అక్క పట్టుపురుగులు మేపేది. తనకల్లు దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఎకరం పైచిలుకు మల్బరీ తోట, అడుగంటుతున్న ఒక బోరు, ఇంటికి ఆనుకుని రాతి గోడల మీద రేకులు కప్పిన ఒక గది. ఆ గదిని మేము పురుగుల ఇల్లు అనేవాళ్ళం. నేను అప్పుడు అనంతపురంలో ఫ్రిజ్, ఏసీ మెకానిక్ కోర్సు చదువుతున్నాను. తొంభైల చివరి సంగతి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన ముదిగుబ్బ వైపు గొర్రెల వెంట తిరిగే మనిషి, నెలల తరబడి కంటికి కనిపించడు. నాకు తల దువ్వింది, బడికి తోలింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది అక్కే. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆమె బతుకు చెడగొట్టింది నేనేనని ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి చెప్పే ఓపిక నాకు లేదు. దాచడంలో నాకున్న అనుభవం చాలు.

బావ బెంగుళూరికి మేస్త్రీ పనికి పోయి అక్కడ ఇంకో సంసారం పెట్టాడు. అక్క ఏడ్చి గోల చేయలేదు. ఇంట్లో ఆయన చొక్కాలు మిగిలితే చించి, పురుగుల తట్టలు తుడిచే గుడ్డలు చేసుకుంది. వరసగా శనక్కాయ పంట పోయి ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. అందరూ బెంగుళూరికే, కట్టడాల పనికి. అక్క మరిది కూడా బయలుదేరుతూ వచ్చి, "వదినా, నువ్వొక్కదానివే ఈడ ఏం జేస్తావు? బీగమేసి మాతో రా" అన్నాడు.

"ఆయప్ప ఇంగో ఆమెతో కాపరం జేసే ఊర్లో నేను ఇటుకలు మొయ్యాల్నా?" అన్నది అక్క. "ఈ పంట కానీ అబ్బీ. పట్టుగూళ్ళు బాగా దిగితే ఈడనే ఉంటా. దిగకపోతే అప్పుడు మీ యెంట వస్తా, నోరు మూసుకోని."

ఆమె సొంత ఇంట్లో ఉండడమా, మొగుడు వదిలేసిన ఊరికి కూలికి పోవడమా అన్నది ఆ ఎండాకాలం పంట మీద నిలబడింది. ఇది నాకు బాగా తెలుసు. తెలిసే వేలు పెట్టాను.

పురుగుల ఇంటికి మావైపు గుడికున్నంత మర్యాద ఉంటుంది. చెప్పులు బయటే విడవాలి. పొగాకు నమిలే నోటితో లోపలికి పోకూడదు. కొత్త మనిషి కన్ను పురుగు మీద పడకూడదు. ముట్టు దినాల్లో ఆడవాళ్ళు గడప తొక్కకూడదు. అక్కకు ఆ మూడు రోజులూ పక్కింటి పెద్దమ్మ వచ్చి ఆకు వేసేది. పురుగులు నాలుగు సార్లు తోలు విడుస్తాయి. దాన్ని మేము జ్వరం అంటాం. జ్వరంలో ఉన్నప్పుడు కదలవు, మెదలవు, తినవు. నాలుగో జ్వరం లేచాయంటే మాత్రం వారం రోజులు ఆగకుండా మేస్తాయి. లోపల నిలబడితే రేకుల మీద వాన పడుతున్నట్టు చప్పుడు. "ఈ ఏడు మన ఊర్లో పడే వాన ఇదొకటే అబ్బీ" అనేది అక్క.

ఎండ నుంచి పురుగును కాపాడటానికి ఆమెకు ఆమె పద్ధతి ఉండేది. రేకుల మీద బోద కసువు, అంటే కొట్టాలు కప్పే గడ్డి, పరిచేది. గదికి నాలుగు కిటికీలు, పడమర రెండు, తూర్పున రెండు. గాలి వచ్చే పడమటి కిటికీలకు గోనెపట్టలు కట్టి తడిపేది. తూర్పు కిటికీలు బార్లా తెరిచిపెట్టేది. మధ్యాహ్నం గంటకొకసారి చెంబు తీసుకుని గోనెలు తడుపుతూ తిరిగేది. ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదు. "మొగానికి తడిగుడ్డ కట్టుకోని గాలికి నిలబడితే సల్లగుంటాది గదా, అంతే" అనేది.

ఇక నా సంగతి. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది. నేను ఆ రెండో విస్తరిని. కోర్సులో చేరి ఏడాది కాలేదు. కంప్రెసరు విప్పడం వచ్చింది, గ్యాసు పట్టడం సగం వచ్చింది. గది చల్లబరచడం గురించి మా ఇన్‌స్ట్రక్టరు సారు చెప్పిన మొదటి పాఠం మాత్రం నోటికి వచ్చింది. సందు ఉన్న గదికి ఏసీ పెట్టడం చిల్లి కుండలో నీళ్ళు పోయడంతో సమానం, కాబట్టి ముందు సందులు మూయండి. తలుపు కింద, కిటికీ అంచుల్లో, వైరు పోయే బెజ్జంలో, ఎక్కడా గాలి పోకూడదు. ఆ పాఠం విన్నాక నేను బస్సులో కూర్చున్నా, హోటల్లో కూర్చున్నా సందులే వెతికేవాణ్ణి. హాస్టల్లో నన్ను సందుల సారు అని వెక్కిరించేవాళ్ళు. నాకు అది బిరుదులా ఉండేది.

ఆ ఎండల్లో అక్క చెంబు పట్టుకుని తిరగడం చూడలేక, పాత సామాన్ల అంగడిలో ఒక తుప్పు పట్టిన కూలరు తెచ్చాను. వర్క్‌షాపులో దాని మోటారు బాగు చేశాను. పంపు మార్చాను, మూడు పక్కలా కొత్త గడ్డి కట్టాను. దాన్ని బస్సు పైకి ఎక్కించి కదిరి మీదుగా ఊరికి తెచ్చాను. కండక్టరు, "ఏమప్పా, ఇప్పుడే గొర్రెపిల్లకు టికెట్టు కొడ్తి. దీనికీ కొట్టల్లనా?" అని అందరినీ నవ్వించాడు. నేను నవ్వలేదు. అక్క కష్టం తీర్చే మిషను తీసుకుపోతున్నవాణ్ణి, నవ్వుతానా?

కూలరును గది మధ్యలో పెట్టాను. తరువాత నాలుగు కిటికీలు మూశాను. మైదా గంజి కాచి, పాత పేపర్లు తడిపి అంచులన్నీ అంటించాను. రేకుకూ గోడకూ మధ్య సందుల్లో గుడ్డపేలికలు కుక్కి, పైన మట్టి మెత్తాను. తలుపు కింద గోనెపట్ట తొక్కాను. అక్క గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, "అబ్బీ, తూర్పు కిటికీ ఒకటన్నా ఇడ్సకూడదా? గాలి యాడికి పోతాది?" అన్నది.

ఏ చదువూ చదవని మా అక్క అడగవలసిన ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. నేను నవ్వాను. "గాలి పోకూడదనే గదక్కా మూసేది! సల్లగాలిని బయటికి తోలి ఊరంతా సల్లజేస్తావా? నేను చదివింది ఇదే. ఏం జేసినా ఈ కిటికీలు తెరవద్దు" అన్నాను. ఇంకా చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆమె చేత ఒట్టు కూడా వేయించుకున్నాను.

మొదటి రోజు గది చల్లగానే ఉంది. అక్క సంబరపడింది. కూలరుకు నీళ్ళు కావాలని బోరు నుంచి ఎక్కువ బిందెలు మోసింది, అయినా చెంబు పట్టుకుని తిరిగే పని తప్పిందన్నది. పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు మీద పడ్డాయి. మరునాడు పొద్దున నేను అనంతపురం బస్సు ఎక్కాను. కిటికీలోంచి చెయ్యూపుతూ, "ఒట్టు మర్చిపోవద్దు" అని అరిచాను కూడా.

ఐదో రోజు హాస్టలుకు ఫోను వచ్చింది. ఊళ్ళో టెలిఫోను బూత్ నుంచి అక్క. "అబ్బీ, పురుగులు ఆకు ముట్టలేదు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

నేను పోయేసరికి మధ్యాహ్నం. తలుపు తీయగానే ముఖానికి కొట్టిన వాసన ఇవాళ్టికీ ముక్కులో ఉంది. గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. వేసిన ఆకు వేసినట్టే తడిసి నల్లబడింది. తట్టల్లో పురుగులు మెత్తబడి, తలలు వేలాడేసి, ముట్టుకుంటే కారిపోతున్నాయి. వాన చప్పుడు లేదు, కూలరు మోటారు చప్పుడు ఒక్కటే. కిటికీలకు అంటించిన పేపర్లు ఒక్క మూల కూడా ఊడలేదు. అంత జాగ్రత్తగా ఒట్టు నిలబెట్టుకుంది అక్క. "లోపల ఊపిరాడలేదబ్బీ, మొగం మింద పట్టిన చెమట పట్టినట్లే ఉండ్య. నువ్వు తెరవద్దంటివని తెరవలే" అన్నది.

తోట చివర గుంట తవ్వి, తట్టలన్నీ దాంట్లో కుమ్మరించి, సున్నం చల్లి పూడ్చాం. గుంట పూడ్చేటప్పుడు అక్క పార కింద పడేసి మోకాళ్ళ మీద కూలబడింది. పంట పోయినందుకు అనుకున్నాను. కాదు.

"తప్పు నాదే" అన్నది, నా ముఖం చూడకుండా. "పెద్దమ్మ కూతురి పురుడని కదిరికి పోయిండ్య. నాకు దూరముండాల్సిన దినాలొచ్చె. పురుగులు ఆకలితో తలలెత్తి సూస్తాంటే యట్ల ఉండేదబ్బీ? స్నానం జేసి, మొక్కుకోని లోపలికి పోతి. మూడు దినాలూ నేనే ఆకు ఏస్తి. ఎవురికీ చెప్పలే. నోరులేని జీవాలను నా మైల చంపె."

తమ్ముడితో చెప్పుకునే మాట కాదది. చెప్పుకోవడానికి ఆమెకు ఇంకెవరూ లేరు కాబట్టి చెప్పింది.  నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ అదే కారణమేమో అనిపించింది. ఏడాది చదువు నా బుర్రలో ఉన్న వెయ్యేళ్ళ మాటను కదిలించలేదు. పైగా, నా కూలరు తప్పు కాదన్నమాట అని లోపల ఒక చిన్న ఊరట కూడా కలిగింది. ఆ ఊరటను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడు వారాలకు సారు తడి థర్మామీటరు పాఠం మొదలుపెట్టారు. ఒకే రకం థర్మామీటర్లు రెండు. ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను ముందు పెట్టారు. గుడ్డ చుట్టినదానిలో పాదరసం జరజరా కిందికి దిగింది. నీళ్ళు ఆరుతూ వేడిని లాక్కుపోతాయని, గాలి ఎంత పొడిగా ఉంటే అంత లాగుతాయని, మన అనంతపురం గాలి అందుకు పెట్టింది పేరని చెప్పారు. నేను చెయ్యెత్తి, "సార్, కూలరును మూసిన గదిలో పెడితే?" అని అడిగాను.

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "ఏమప్పా, మూసిన గదిలో ఆ తేమ యాడికి పోతాది? కాసేపు సల్లగుంటాది, తర్వాత గాలి నీళ్ళతో నిండిపోతాది. నీళ్ళు ఆరవు, సల్లదనం రాదు, మోటారు వేడి ఒకటి మిగుల్తాది. ఏసీకి కిటికీ మూయల్ల, కూలరుకు తెరవల్ల. మనిషైతే ఎట్లనో తలుపు తీసుకోని బయటికి వస్తాడు. రాలేని జీవమైతే ఉడికి సస్తాది" అన్నారు.

ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు. నేను బయటికి పోయి నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నాను. అక్క తడి గోనెలు, తెరిచిన తూర్పు కిటికీలు, పాఠంలో ఉన్నది ఉన్నట్టు అదే. ఆమె తన బుద్ధితో కట్టుకున్న ఏర్పాటును నా మిడిమిడి జ్ఞానంతో పీకేసి, మైదా గంజి పూసి వచ్చాను.

ఆ ఆదివారమే చెప్పేద్దామని ఊరికి పోయాను. బస్సులో దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. పోయేసరికి అక్క మూట కడుతోంది. మరునాడు మరిది వాళ్ళ గుంపుతో ప్రయాణం. రాగిసంగటి, ఊరుబిండి చేసి నాకు వడ్డించి ఎదురుగా కూర్చుంది. "నువ్వు దిగులు పడొద్దు అబ్బీ. అంత దూరం నుంచి కూలరు మోసుకొస్తివి. నీ చదువు మంచిదే. నేనే దాన్ని పాడు జేసుకుంటి" అన్నది. ఇంకో ముద్ద పెట్టింది.

సంగటి గొంతులో ఉంది, మాట కూడా అక్కడే ఉంది. ముద్ద దిగింది, మాట రాలేదు. ఆమె కళ్ళలో నేనొక చదువుకున్న తమ్ముణ్ణి. ప్రపంచంలో నన్ను అట్లా చూసే మనిషి ఆమె ఒక్కతే. ఆ చూపు పోతుందని భయపడ్డాను. ఇంతకన్నా గొప్ప కారణమేదీ లేదు, నేను పిరికివాణ్ణి. రేపు చెబుదాం, ఉత్తరం రాద్దాం, పండక్కి చెబుదాం అనుకుంటూ ఆ మాటను ఏళ్ళకేళ్ళు నెట్టుకుంటూ పోయాను.

అక్క బెంగుళూరులో తట్ట మోసింది. పనిచేసే చోటే రేకుల గుడిసె. పోయినప్పుడల్లా ఆమె చేతులు చూసేవాణ్ణి. మల్బరీ ఆకు తెంపిన చేతులు సిమెంటు తిని వేళ్ళ సందుల్లో పగిలి ఉండేవి. బావ ఒకసారి ఎదురుపడ్డాడట, మెటీరియల్ లారీ దగ్గర. "చూసి చూడనట్ల పాయ. నేను తట్ట దించలే" అన్నది. అంతకుమించి చెప్పలేదు. ఇంటికి ఎప్పుడొస్తావంటే, "వచ్చి ఏం జేసేది? ఇంగ పురుగు మేపే యోగ్యత నాకు లేదు" అనేది. ఊళ్ళో వర్షాలు పడ్డ ఏడు కూడా అదే మాట.

నేను కొన్నాళ్ళు ఏసీలు బిగించే పని చేసి, తరువాత ఒక శిక్షణ కేంద్రంలో ఇన్‌స్ట్రక్టరునయ్యాను. కరెంటు తక్కువ తిని చల్లగా ఉండే ఇళ్ళు ఎట్లా కట్టాలో, కట్టినవాటిని ఎట్లా చక్కదిద్దాలో టెక్నీషియన్లకు నేర్పే కోర్సు. కప్పుకు సున్నం, ఎండ పక్క నీడ, పైన వేడిగాలి పోయే బెజ్జాలు, ఎదురెదురు కిటికీలు. పిల్లలకు ఇవన్నీ రెండు పూటల్లో తలకెక్కుతాయి. తడి థర్మామీటరు పాఠం నేను ప్రతి బ్యాచికీ మొదటి రోజే చెబుతాను. ఎందుకు సార్ ఇంత తొందరగా అంటే జవాబు చెప్పను.

పంట పోయిన ఎనిమిదేళ్ళకో తొమ్మిదేళ్ళకో ఒక ఆదివారం మధ్యాహ్నం, బెంగుళూరులో ఆ రేకుల గుడిసె ముందు అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే చెప్పేశాను. "అక్కా, పురుగులు సచ్చింది నీ మైల వల్ల కాదు. నేను కిటికీలు మూసినందుకు."

ఆమె చేట ఆపి నా వైపు చూసి నవ్వింది. "ఇన్నేండ్లకు అక్క మింద ఇంత ప్రేమ పుట్టెనా? నా మనసు కుదుటపడల్లని చెప్తాండావులే."

సంచీలోంచి రెండు థర్మామీటర్లు తీశాను. తడిగుడ్డ చుట్టాను. నేల మీద పుల్లతో గది గీసి, గాలి ఎటు రావాలో, ఎటు పోవాలో చూపించాను. ఆమె బుద్ధిగా విన్నది. అర్థమైంది కూడా, నడుమ ఒకటి రెండు మంచి ప్రశ్నలు అడిగింది. చివరికి, "నీ లెక్క సరిగానే ఉండాది. ఐతే అది జరిగింది అందుకు కాదు" అన్నది.

"అందుకేనక్కా. నాకు మూడు వారాలకే తెలిసింది."

"తెలిసింటే ఆ పొద్దే చెప్పింటివి గదా. నువ్వు నా తాన దాపెట్టేవోనివి కాదు."

"దాచినానక్కా."

"సాల్లే, ఇంగ ఊరుకో" అని నా తల నిమిరి, మళ్ళీ చేట అందుకుంది.

ఇక మాటలతో లాభం లేదనుకున్నాను. మా కేంద్రంలో రైతులకు చూపడానికి ఒక పురుగుల ఇల్లు కట్టాలని పైవాళ్ళు అనుకుంటుంటే, నేనే గీసి ఇచ్చి, నిలబడి కట్టించాను. మందపు రాతిగోడలు, రెండు పొరల కప్పు, చుట్టూ నీడకు వరండా, తూర్పున పడమర ఎదురెదురు కిటికీలు. కూలరు గోడ అవతల ఉంటుంది, పొడిగాలి లాక్కుంటుంది, తేమ ఎదురు కిటికీల గుండా పోతుంది. మొదటి పంట నాలుగో జ్వరం లేచిన రోజు బెంగుళూరికి పోయి, పని ఉందని అబద్ధం చెప్పి అక్కను వెంటబెట్టుకుని వచ్చాను. ఆమె లోపలికి వచ్చి, ఆ గాలి ముఖానికి తగిలి, ఆ చప్పుడు వింటే నమ్ముతుందనుకున్నాను. మేపే మనిషి కావాలని, ఆ పని ఆమెకే ఇప్పిస్తానని కూడా పైవాళ్ళతో మాట్లాడి ఉంచాను.

వరండా దాకా వచ్చింది. చెప్పులు విడిచింది. లోపలి నుంచి పురుగులు మేస్తున్న చప్పుడు గుమ్మం దాకా వినబడుతోంది. ఆమె తల ఒక పక్కకు వాల్చి కాసేపు విన్నది. కళ్ళు నిండాయి. నేను చెయ్యి పట్టుకుని లోపలికి రమ్మన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "పురుగులు బాగుండాయా?" అని అడిగింది.

"బాగుండాయక్కా. ఒక్కటి కూడా పోలేదు."

"అట్లయితే నేను ఈడనే, బయటనే ఉంటా" అని, ఎండలోకి జరిగి నిలబడింది.